గట్టెక్కాక

మూడున్నర కిలోమీటర్ల లోతునుంచి
రాత్రి రెండింటికి రాయి పైకొచ్చింది.
మోరి రిగ్గు మీద నాది కోరు పెట్టెల పని.
గొట్టంలోంచి జారిన రాతి దుంగని
తడిగుడ్డతో తుడిచి
ఎర్రగీత కుడివైపు, నల్లగీత ఎడంవైపు గీసి
ముక్కలు వరసగా పేర్చాలి.
తలా తోకా తారుమారైతే మేస్త్రీ నోరు వినలేం.

పైన నల్లరాయి. కింద నల్లరాయి.
నడిమధ్య జానెడు ఎర్రమట్టి,
ఇటికల బట్టీలో మిగిలిపోయినట్టు.
ఆ ఎరుపులో ఒక పన్ను,
దాన్ని వదలని దవడ చెక్క.

మృదుల మేడమ్‌ది నాగపూరు.
తెలుగు అరువు తెచ్చుకున్నట్టు, తిరిగి ఇచ్చేయాలన్నట్టు
జాగ్రత్తగా మాట్లాడుతుంది.
"నాలుకతో ముట్టు, ఏసుదాసూ.
రాయైతే జారుతుంది. ఎముకైతే పట్టుకుంటుంది."

ముట్టాను.
పట్టుకుంది.

నన్ను తినాల్సినదాన్ని
ముందు నేనే రుచి చూశాను.
మా బోరింగు నీళ్లకున్నంత ఉప్పు కూడా లేదు.

పన్ను అంచున బొటనవేలు నడిపాను
కోతలకి ముందు అమ్మ నడిపినట్టు.
కక్కు ఇంకా పోలేదు.
కొలిమిలో నిన్న పెట్టించిన కొడవలి.

సిమెంటు సంచి చింపి మేడమ్ బొమ్మ గీసింది.
మొసలే, కానీ మొసలి కాదంది.
కళ్లు నెత్తిన లేవు, పక్కలకున్నాయి.
కాళ్లు పొట్టకింద నిలువుగా, గేదెకున్నట్టు.
ఈడ్చుకుంటూ పోదు, నడుస్తుంది.
దాహమేస్తేనే నీళ్లకేసి చూస్తుంది.
నీళ్లలో ఉన్నంతసేపే మొసలికి జోరని
బళ్లో మాకు చెప్పిన పాఠం
దీనికెవరూ చెప్పినట్టు లేదు.

"అప్పుడు గోదారి ఎటు పారేది మేడమ్?"
"ఏదో నది ఉండొచ్చు. నీ గోదారి కాదు."

గోదారి కాదు.
ఆ మాట మింగడానికి
టీ రెండుసార్లు తాగాల్సొచ్చింది.

ఎనభయ్యారు వరదలో అమ్మ నన్ను
ఏటిగట్టు మీదే కంది.
నలుగురాడాళ్లు దుప్పటి నాలుగు మూలలా పట్టుకున్నారు.
పక్కనే పాములూ పందులూ మునసబుగారి కోళ్లూ.
ఆ రాత్రి ఎవరూ ఎవరినీ కరవలేదంటారు.
అప్పట్నుంచీ మా ఇంట్లో ప్రార్థనంతా ఒకటే మాట:
ఈ ఏడు గట్టెక్కించు ప్రభువా.
అప్పు గట్టెక్కాలి, చెల్లి కాన్పు గట్టెక్కాలి,
టెన్తులో నా లెక్కలు గట్టెక్కాలి.

తెల్లారి ఇంటికెళ్లేసరికి
అమ్మ వాకిట్లో కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తోంది.
"ఎంతుంటదిరా అది?"
"తోకతో కలిపి మన పాకంత."
"ఏట్లోనా?"
"కాదే. గట్టు మీద."

చాకు ఆగింది.
చాలాసేపు ఏటివైపు చూసింది,
ఎప్పుడూ నమ్మని ఆ నీళ్లవైపు.
"మరి గట్టెక్కినోళ్ల గతేంట్రా?"

నా దగ్గర జవాబు లేదు.
బిట్టుకీ పళ్లుంటాయమ్మా, అన్నాను, సంబంధం లేకుండా.
అది కొరికింది ఇటు సగమే.
పెట్టెకెక్కింది ఆ సగమే, మైనం పూసి, నంబరేసి.
మిగతా దవడ ఇంకా కిందే ఉంది,
చేలకింద, చర్చి కింద,
ఏటేటా వేలెడంత కుంగుతోందని మేం గోలపెట్టే
ఈ గట్టుకింద
నోరు తెరిచో, మూసో.

మర్నాడు డ్యూటీ దిగి
చీకట్లోనే గట్టు మీద నడిచొస్తున్నాను.
రేవు దగ్గర, రోజూ నామీద ఎగబడే కుక్క
లేచి నిలబడింది.
నా చెయ్యి వాసన చూసింది.

తోక ముడిచి
నీళ్లలోకి దిగి నిలబడింది
నేను దాటిపోయేదాకా.